వాపు తగ్గిస్తే వెన్నుపాము బాగవుతుందా?

మా చిన్నమ్మ కూతురి భర్త కల్లు గీస్తాడు. పోయినేడు మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. డి4 దగ్గర, అంటే ఛాతీ వెనక నాలుగో పూస, విరిగి లోపల స్పైనల్ కార్డ్ (వెన్నుపాము) నలిగింది, రొమ్ము కింద నుంచి స్పర్శ లేదు, కాళ్ళు కదలవు. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు, కొన్నాళ్ళకి ఇంటికి తెచ్చుకున్నారు. ఈ మధ్య వాళ్ళింటికి పోయినప్పుడు రెండు మాటలు విన్నాను, అవి రెండూ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి, అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఒకటి మా మేనమామ అన్నది. "ఆ రాత్రే పెద్ద డోసు స్టెరాయిడ్ పడుంటే వాపు తగ్గి నరాలు బతికేటియి, డాక్టర్లు పట్టించుకోలే" అని. ఆయన దగ్గర ఆ కోపం ఇంకా అట్లనే ఉంది. రెండోది మా చెల్లెలు, అంటే ఆ చిన్నమ్మ కూతురే, ఫోన్‌లో చూపించిన వీడియో. మన రక్తంలోని ఇమ్యూన్ సెల్స్‌నే బయటికి తీసి, వాటి బలం పెంచి, మళ్ళీ వెన్నులోకి ఎక్కిస్తే నరాలు మొలుస్తాయని అందులో ఎవరో తెల్లకోటు వేసుకుని చెప్తున్నాడు. "ఉన్న ఎకరం అమ్మితే సరిపోతదంట, ఏమంటవ్ అక్కా?"

వాపు తెచ్చేవి ఇమ్యూన్ సెల్సే (రోగాల నుంచి కాపలా కాసే కణాలు), స్టెరాయిడ్ అణిచేది వాటినే. అంటే ఒకే ఇంట్లో ఒకరు ఇమ్యూన్ సెల్స్‌ని అణిచెయ్యాల్సింది అంటున్నారు, ఇంకొకరు వాటిని పెంచాలంటున్నారు. వాళ్ళని తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే సైన్సు కూడా ముప్పై నలభై ఏళ్ళు సరిగ్గా ఈ రెండు ఆలోచనల మధ్యే కొట్టుకుంది. నేను డాక్టర్ని కాదు, డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, ఇమ్యునాలజీ నాకు ఇష్టమైన పేపరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: వెన్నుపాము దెబ్బలో ఇమ్యూన్ సెల్స్ మంచివా చెడ్డవా అని అడిగినంతకాలం మనకి పనికొచ్చే జవాబు రాదు. ఏ సెల్, ఎప్పుడు వచ్చింది, ఎంతకాలం ఉంది, ఎక్కడ ఉంది, ఇవి అడగాలి. ఆ "ఎక్కడ" అనేదాన్ని మనం దాదాపు పూర్తిగా వదిలేశామని నా బాధ.

ఎలకల్లో రెండు ప్రయోగాలు

1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మిఖాల్ ష్వార్ట్జ్ టీమ్ ఒక పేపర్ వేసింది. వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలకలకి, బయట ట్రైనింగ్ ఇచ్చిన మాక్రోఫేజ్‌లని ఎక్కిస్తే కొన్నిటికి వెనక కాళ్ళలో కొంత కదలిక వచ్చింది. మాక్రోఫేజ్‌లంటే చెత్త తినే సెల్స్ అని మనం ఇంటర్‌లో చదువుకున్నవే. మరుసటి ఏడాదే, 1999లో, అమెరికాలో ఫిలిప్ పోపొవిచ్ వాళ్ళు సరిగ్గా ఉల్టా చేశారు. రక్తంలోంచి వచ్చే మాక్రోఫేజ్‌లని మందుతో చంపేసి చూశారు, ఆ ఎలకలు కూడా మామూలు వాటికన్నా మెరుగ్గా నడిచాయి!

పెంచితే బాగైంది, తీసేసినా బాగైంది. ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటారని అనుకోవడం తేలిక, కానీ గాయం రకం వేరు (ఒకచోట కోసేశారు, ఇంకోచోట నలగ్గొట్టారు), ఎక్కించిన సెల్స్ తయారీ వేరు, టైం వేరు. 2009లో పోపొవిచ్ గ్రూపే ఇంకో మెట్టు ఎక్కింది. నలిగిన వెన్నుపాములో రెండు పోకడల మాక్రోఫేజ్‌లు కనిపిస్తాయి, ఒక రకం నాడీ కణాలకి విషం, ఇంకో రకం సమక్షంలో యాక్సాన్లు (నాడీ కణాల పొడుగు తీగలు) పెరుగుతాయి, కాకపోతే ఆ రెండో రకం కొద్దిరోజులే కనబడి మాయమవుతుంది, మొదటి రకం మాత్రం తిష్ట వేస్తుంది అని చూపించారు. అదే ఏడాది ష్వార్ట్జ్ వాళ్ళు కూడా ఎలకల్లో రక్తం నుంచి వచ్చిన మాక్రోఫేజ్‌లు మంటని (వాపు తెచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ని) తగ్గించే పని చేస్తాయని, వాటిని తీసేస్తే కోలుకోవడం దెబ్బతింటుందని రాశారు.

విషం రకాన్ని ఎం1, రెండో రకాన్ని ఎం2 అంటారు. ఈ విభజన పాఠం చెప్పడానికి బాగుంటుంది, నేనూ బోర్డు మీద రెండు గళ్ళు గీసే చెప్తాను. కానీ నిజంగా గాయంలో ఉన్న సెల్‌ని పట్టి చూస్తే రెండు లక్షణాలూ కలిసే ఉంటాయి, పైగా రోజురోజుకీ మారతాయి. మంచి రకంగా వచ్చిన మాక్రోఫేజ్ కూడా అక్కడి మైలిన్ (యాక్సాన్ల మీది కొవ్వు పొర) ముక్కలు తిని తిని కొవ్వుతో ఉబ్బిపోయి మళ్ళీ మంట పెట్టే వైపు తిరుగుతుంది. అందుకే "మంచి మాక్రోఫేజ్‌లు ఎక్కిస్తాం" అని ఎవరైనా అంటే, ఎక్కించిన వారానికి అవి మంచిగానే ఉంటాయని ఏంటి గ్యారంటీ అని అడగాలనిపిస్తుంది నాకు.

స్టెరాయిడ్ కథ

మేనమామ కోపం ఊరికే పుట్టింది కాదు. 1990లో అమెరికాలో నాసిస్ 2 అనే పెద్ద ట్రయల్ రిజల్ట్ వచ్చింది, 487 మంది పేషెంట్లు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ని భారీ డోసులో, కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు ఒకేసారి, తర్వాత గంటకి 5.4 చొప్పున 23 గంటలు, అలా ఇచ్చారు. దెబ్బ తగిలిన 8 గంటల్లోపు మొదలుపెట్టిన వాళ్ళలో కొంత మెరుగు అని ప్రకటించారు. ఇంకేముంది, వేరే మందే లేని చోట అదే ప్రపంచమంతా పద్ధతైపోయింది.

ఇబ్బంది ఏంటంటే, మొత్తం అందర్నీ కలిపి చూస్తే తేడా లేదు, 8 గంటల గీత గీసి విడిగా చూస్తే కనబడిన తేడా అది, అదీ చిన్నది. 1997లో నాసిస్ 3 వచ్చింది, అందులో 48 గంటలు ఇచ్చిన వాళ్ళకి తీవ్రమైన న్యుమోనియా, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినడం) ఎక్కువయ్యాయి. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దీన్ని ఇవ్వొద్దన్నాయి. 2017లో ఏఓస్పైన్ అనే వెన్ను సర్జన్ల అంతర్జాతీయ సంస్థ వాళ్ళ గైడ్‌లైన్ మాత్రం 8 గంటల్లోపైతే 24 గంటల కోర్సు ఒక ఆప్షన్‌గా ఇవ్వొచ్చు అంది. అంటే పెద్దవాళ్ళే ఒక మాట మీద లేరు. కాబట్టి ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ ఇవ్వకపోవడం అశ్రద్ధ కాదు, ఇచ్చినా నేరం కాదు. ఈ మాట మామయ్యతో చెప్తే వెంటనే ఒప్పుకోలేదు. నిందించడానికి ఒక మనిషి ఉంటే మనసుకి కొంచెం ఊరట, అది నేను అర్థం చేసుకోగలను.

నా మటుకు నాకు స్టెరాయిడ్ కథలో ముఖ్యమైన విషయం అది పనిచేసిందా లేదా అన్నది కాదు. వాపుని మొత్తంగా అణిచేస్తే వెన్నుపాములో వచ్చిన లాభం పిసరంత, ఊపిరితిత్తుల్లో వచ్చిన నష్టం కళ్ళకి కనిపించేంత. ఇమ్యూన్ సెల్స్ వెన్నులో మాత్రమే ఉండవు కదా, ఒళ్ళంతా కాపలా కాసేవీ అవే.

పెంచి చూసిన వాళ్ళకి ఏమైంది

ఇప్పుడు చెల్లెలి వీడియో సంగతి. అందులో చెప్పినది కొత్త ఐడియా ఏమీ కాదు, దాన్ని నిజాయితీగా మనుషుల మీద పరీక్షించడం ఎప్పుడో అయిపోయింది, చాలామందికి తెలీదు. ష్వార్ట్జ్ ప్రయోగం ఆధారంగా ప్రొకార్డ్ పేరుతో ఒక చికిత్స తయారైంది. పేషెంట్ రక్తంలోంచి మోనోసైట్లు (మాక్రోఫేజ్‌లుగా మారే తెల్లకణాలు) తీసి, పేషెంట్ చర్మం ముక్కతోనే కలిపి పెంచి, దెబ్బ తగిలిన 14 రోజుల్లోపు గాయం కింది అంచులో ఇంజెక్ట్ చేస్తారు. మొదటి దశలో 8 మందికి చేస్తే ముగ్గురు, అసలు స్పర్శా కదలికా లేని గ్రేడ్ ఏ నుంచి కొంత కదలిక ఉన్న గ్రేడ్ సీ కి వచ్చారు. 2005లో ఈ రిజల్ట్ వచ్చినప్పుడు ఆశ ఎంత పెరిగి ఉంటుందో ఊహించండి, ఎనిమిదిలో మూడు!

రెండో దశలో అసలు పరీక్ష పెట్టారు. 43 మంది, లాటరీ పద్ధతిలో 26 మందికి సెల్స్, 17 మందికి మామూలు వైద్యం మాత్రమే. డబ్బు ఇబ్బందుల వల్ల ట్రయల్ మధ్యలో ఆగింది, రిజల్ట్ 2012లో అచ్చయింది. సెల్స్ తీసుకున్న 26 మందిలో ఏడుగురు కనీసం ఒక గ్రేడ్ పైకి వచ్చారు. ఏమీ తీసుకోని 17 మందిలో పది మంది వచ్చారు.

ఆ రెండో లైన్ మళ్ళీ చదవండి. ఏ సెల్సూ ఎక్కించకుండానే పదిహేడులో పది మంది. ఇంత చిన్న గ్రూపులో సెల్స్ హాని చేశాయని కూడా గట్టిగా అనలేం, స్టాటిస్టిక్స్ ఆ గీతకి అటూ ఇటూ ఊగిసలాడింది. కానీ మొదటి నెలల్లో కొంతమందికి దానంతటదే కొంత వెనక్కి వస్తుందని, పోల్చి చూడ్డానికి మరో గ్రూపు లేకపోతే ఆ రావడం అంతా ఇంజెక్షన్ ఖాతాలో పడిపోతుందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. వీడియోలో "ముందు, తర్వాత" అని చూపించే ప్రతి మనిషి విషయంలోనూ నాకు గుర్తొచ్చేది ఈ పదిహేడు మందే.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, చెల్లెలే అడిగింది, "ఏమీ లేకపోవడం కన్నా ప్రయత్నం చెయ్యడం మేలు కదా". ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముప్పై ఏళ్ళైనా నిండని మనిషి మంచంలో ఉంటే ప్రయత్నం చెయ్యొద్దని ఎవరంటారు? కానీ ఎకరం అమ్మి చేసే ప్రయత్నానికీ, ట్రయల్‌లో చేరడానికీ చాలా తేడా ఉంది. మన ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం వెన్నుపాము దెబ్బకి, ఇలాగే ఎక్కించే స్టెమ్ సెల్స్ అనేవి అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప మామూలు వైద్యంగా ఇవ్వకూడదు. నిజమైన ట్రయల్ అయితే, ట్రయల్స్ అన్నీ నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నమోదై ఉంటుంది, పరీక్షిస్తున్న మందుకి మన దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు చేతిలో పెట్టారంటే అది ప్రయోగం కాదు, వ్యాపారం.

టైం

మరి ఇమ్యూన్ సెల్స్‌తో ఏ లాభమూ లేదా అంటే, ఉంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప వెన్నుపాము తెగినా మళ్ళీ ఈదుతుంది. 2018లో ఆ చేప పిల్లల మీద చేసిన పని నాకు చాలా నచ్చింది. మాక్రోఫేజ్‌లు లేని చేపలు కోలుకోలేవు. ఎందుకు అంటే, గాయమైన తొలి గంటల్లో ఐఎల్-1బీటా అనే మంట పెట్టే పదార్థం కావాలి, అది యాక్సాన్లు పెరగడానికి సాయపడుతుంది, కానీ అదే పదార్థం తగ్గకుండా ఉండిపోతే పెరుగుదలని ఆపేస్తుంది. టైంకి దాన్ని తగ్గించేవి మాక్రోఫేజ్‌లే. వరి చేనుకి నాటు వేసినప్పుడు నీళ్ళు నిలబడాలి, కోతకి ముందు అవే నీళ్ళు తీసెయ్యాలి, ఇక్కడా అంతే.

2020లో బోస్టన్‌లో జిగాంగ్ హె ల్యాబ్ వాళ్ళు ఇంకా ఆశ్చర్యమైనది చూపించారు. పుట్టి రెండు రోజులైన చిట్టెలక వెన్నుపాము నలిపితే మచ్చ కూడా లేకుండా మానుతుంది, యాక్సాన్లు గాయం దాటి పోతాయి. దానికి కారణం మైక్రోగ్లియా, అంటే మెదడులో, వెన్నులో పుట్టుకతో ఉండే ఇమ్యూన్ సెల్స్. అవి తెగిన రెండు అంచుల మధ్య వంతెన లాంటి పదార్థం వదిలి, పని అవ్వగానే మామూలు స్థితికి వెళ్ళిపోతాయి. పెద్ద ఎలకలో అవే మైక్రోగ్లియా ఆ వెళ్ళిపోవడం అనేది చెయ్యవు. కానీ పెద్ద ఎలకలో కూడా అవి దండగ కాదు, 2019లో కెనడా వాళ్ళు వాటిని తీసేసి చూస్తే గాయం ఇంకా పెద్దదయింది, ఎలకలు ఇంకా తక్కువ కోలుకున్నాయి, చుట్టూ కంచె కట్టి గాయం పాకకుండా చూసేది అవేనట.

ఇంకో సంగతి కూడా పట్టించుకోవాలి. చేతిలో నరం తెగితే తెగిన కింది భాగంలోని మైలిన్ చెత్తని మాక్రోఫేజ్‌లు వారాల్లో ఊడ్చేస్తాయి, అందుకే అక్కడ నరం మళ్ళీ పెరగడానికి దారి ఉంటుంది. వెన్నుపాములో ఆ చెత్త నెలలు, ఏళ్ళు పడి ఉంటుంది, ఆ మైలిన్‌లో నోగో-ఏ లాంటి యాక్సాన్లని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. అంటే వెన్నులో మంట ఎక్కువైందని మనం అనుకుంటాం గానీ ఒక లెక్కన అక్కడ ఊడ్చే పని తక్కువైంది. రెండూ నిజమే.

అయితే ఎలక గంటలూ మన గంటలూ ఒకటి కావు. చనిపోయిన మనుషుల వెన్నుపాముల్ని పరిశీలించిన వాళ్ళు న్యూట్రోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) తొలి మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి పది రోజుల వరకూ కనిపిస్తాయని, మాక్రోఫేజ్‌లు వారాలు, నెలలు ఉండిపోతాయని రాశారు. ల్యాబ్ ఎలకకి అందరికీ ఒకే చోట, ఒకే బలంతో, ఒకే వయసులో దెబ్బ తగులుతుంది. మనుషుల్లో ఒకరు చెట్టు మీంచి, ఒకరు బైక్ మీంచి, ఒకరు మెడ దగ్గర, ఒకరు నడుం దగ్గర, ఆసుపత్రికి చేరేసరికి ఒకరికి రెండు గంటలు, ఒకరికి రాత్రంతా. టైం మీద ఆధారపడే మందు ఏదైనా మన ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి అందాలంటే ముందు అంబులెన్స్, పడ్డ మనిషిని వంచకుండా ఎత్తే పద్ధతి అందాలి.

వెన్ను బయట జరిగేది

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మా మరిదిని చూడ్డానికి పోయిన రోజు మధ్యాహ్నం, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. నుదుటి మీద, మెడ మీద చెమట బొట్లు బొట్లుగా పోసింది, ముఖం ఎర్రబడింది, "వదినా, తలకాయ పగిలిపోతుంది" అన్నాడు. ఫ్యాన్ కిందే ఉన్నాడు. చెల్లెలు వచ్చి దిండు ఎత్తి పెట్టి కూర్చోబెట్టి, దుప్పటి తీసి చూస్తే యూరిన్ ట్యూబు తొడ కింద మడత పడి ఉంది. మడత తీసింది. బ్యాగ్‌లోకి దడదడా వచ్చింది. ఐదు నిమిషాల్లో చెమట ఆరిపోయింది. ఆమెకి అది అలవాటైపోయింది, "అప్పుడప్పుడు ఇట్లనే అయితది అక్కా" అంది.

దాన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. దెబ్బ ఛాతీ పై భాగంలో, అంటే డి6 దగ్గర గానీ దానికి పైన గానీ ఉంటే, కింద బ్లాడర్ నిండిన సంగతి మెదడుకి అందదు, కింది నరాలు మాత్రం వాటంతట అవి రెచ్చిపోయి రక్తనాళాల్ని బిగిస్తాయి, బీపీ ఒక్కసారి ఎగబాకుతుంది. పట్టించుకోకపోతే బ్రెయిన్ స్ట్రోక్ దాకా పోవచ్చు. బీపీ సంగతి న్యూరో వార్డుల్లో తెలిసినదే. 2013లో పోపొవిచ్ గ్రూపు (ఆయన పేరు మళ్ళీ వచ్చింది) ఎలకల్లో చూపించింది ఇంకొకటి: ఇలాంటి రెచ్చిపోవడాలు పదే పదే జరిగితే ప్లీహం, అంటే స్ప్లీన్‌లోని ఇమ్యూన్ సెల్స్ దెబ్బతింటాయి. స్ప్లీన్‌కి, అడ్రినల్ గ్రంథికి పోయే సింపథెటిక్ నరాల పగ్గం వెన్నుపాము పై నుంచే ఉంటుంది. ఆ పగ్గం తెగితే హార్మోన్లు అదుపు తప్పి లింఫోసైట్లు అనే తెల్లకణాలు పడిపోతాయి. అంటే వెన్నుపాము గాయంలో ఇమ్యూన్ సెల్స్ మండిపోతూ ఉంటే, అదే మనిషి మిగతా ఒంట్లో ఇమ్యూనిటీ కుదేలవుతుంది, రెండూ ఒకే సమయంలో.

దీని ఫలితం మనకి తెలిసిందే, ఎవరికి వెన్ను దెబ్బ తగిలినా కుటుంబాలు చెప్పే కథ ఒకటే: యూరిన్ ఇన్ఫెక్షన్, కఫం పట్టి న్యుమోనియా, వీపు మీద, పిరుదుల మీద పుండ్లు. చాలామందిని తీసుకుపోయేది కాళ్ళు పడిపోవడం కాదు, ఇవే. 2012లో వచ్చిన ఒక స్టడీలో, మొదట్లో న్యుమోనియా లేదా గాయం ఇన్ఫెక్షన్ అయినవాళ్ళు కదలికల్లో కూడా తక్కువ కోలుకున్నారని తేలింది. ఇన్ఫెక్షన్ వల్లే తక్కువ కోలుకున్నారా, లేక దెబ్బ తీవ్రంగా ఉన్నవాళ్ళకే ఇన్ఫెక్షన్లు ఎక్కువ వచ్చాయా అని అడగొచ్చు, తీవ్రతని లెక్కలోకి తీసుకుని చూసినా సంబంధం నిలబడిందని రాశారు, అయినా ఇది పక్కా రుజువు కాదు, గట్టి అనుమానం. నాకు మాత్రం అది చాలు. ఇన్ఫెక్షన్ ఆపడం అనేది పక్క పని కాదు, వెన్నుపాము వైద్యంలో ముఖ్య భాగం అని నేను నమ్ముతున్నాను. ఎకరం అమ్మి ఎక్కించుకునే సెల్స్ కన్నా, మా చెల్లెలు తీసిన ఆ ట్యూబు మడత మా మరిది ఇమ్యూన్ సెల్స్‌కి ఎక్కువ మేలు చేసింది అని ఆమెకి చెప్పాను, ఓదార్పుకి కాదు, నిజంగా అలాగే అనుకుంటున్నా కాబట్టి.

దీనికి ఎదురు మాట నాకు నేనే వేసుకుంటాను. ఇలా అంటే నడక మీద ఆశ వదులుకోమన్నట్టు కాదా? ట్యూబులు, పుండ్లు అని మాట్లాడి రీసెర్చ్‌ని పక్కన పెట్టమన్నట్టు కాదా? కాదు. 2024లో జొనాథన్ కిప్నిస్ ల్యాబ్ వాళ్ళు వెన్నుపాము దెబ్బ తర్వాత వచ్చే టి సెల్స్‌లో నాడీ కణజాలాన్నే గుర్తుపట్టే కొన్నిటిని పట్టుకుని, వాటి రిసెప్టర్‌ని ఎంఆర్‌ఎన్‌ఏతో మామూలు టి సెల్స్‌కి తాత్కాలికంగా తగిలించి ఎలకలకి ఇచ్చారు. అవి మేలు చేశాయి, ఎంఆర్‌ఎన్‌ఏ అరిగిపోతుంది కాబట్టి తర్వాత సొంత ఒంటి మీద దాడి చేసే ప్రమాదం తగ్గుతుంది. పని చేసి తప్పుకోవడం అనేది మందులోనే కట్టిపెట్టారు, నేను ఇంతసేపూ చెప్తున్న టైం సంగతి అదే. ఎలకల్లోనే సుమా, అదీ దెబ్బ తగిలిన కొత్తలో. మనుషుల దాకా రావాలంటే చాలా ఉంది. వచ్చిన రోజున దాన్ని తీసుకోవడానికి మనిషి బతికి, కిడ్నీలు పాడవకుండా, పుండ్లు లేకుండా ఉండాలి కదా.

మా వాళ్ళకి డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చిన కాగితం అడిగి చూశాను. ఏ ఆసుపత్రో అనవసరం, చాలా చోట్ల ఇంతే. రాడ్లు, స్క్రూల వివరాలు, మాత్రల పేర్లు, మళ్ళీ రావాల్సిన తేదీ, అన్నీ ఇంగ్లీషులో. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఒక మూల రాసి ఉంది. ట్యూబు ఎలా చూసుకోవాలి, జ్వరం రాకుండానే యూరిన్ ఇన్ఫెక్షన్ ఎలా కనిపెట్టాలి, కఫం ఎలా తీయించాలి, చెమటలు పోసి తల పగిలినట్టుంటే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ట్యూబు, మోషన్ చూసి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలని ఒక్క లైన్ లేదు. చెల్లెలు ఇవన్నీ పక్క బెడ్ వాళ్ళ దగ్గర నేర్చుకుంది.

ఈ పోస్టు చదివేవాళ్ళలో ఫిజియోలు, నర్సులు, ఆర్థో, న్యూరో డిపార్ట్‌మెంట్లలో పనిచేసే డాక్టర్లు ఉంటే ఒక పని చేద్దాం. ఒక పేజీ, రెండు వైపులా, పెద్ద అక్షరాల తెలుగులో, బొమ్మలతో. విషయం మీరు సరిచూడండి, రాయడం నేను చేస్తాను, ప్రింటింగ్ ఖర్చు మా కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు చూసుకుంటామన్నారు. కింద కామెంట్‌లో చెప్పండి.